నెల్లూరోళ్ళకి నెల్లూరులో రూము ఇవ్వరంట!

ముందు లాడ్జి సంగతి కక్కేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. సింహపురి ఎక్స్‌ప్రెస్ దిగి, ఆన్‌లైన్‌లో 1,450 కట్టి బుక్ చేసుకున్న లాడ్జికి పోతే, కౌంటర్లో కుర్రాడు నా ఆధార్ అటూ ఇటూ తిప్పి చూసి "లోకల్ ఐడీకి రూము ఇవ్వం సార్" అన్నాడు. నా ఆధార్‌లో ఇప్పటికీ మూలాపేట అడ్రసే. ఎందుకివ్వవయ్యా అంటే "ఓనర్ రూలు సార్". డబ్బులన్నా వెనక్కివ్వమంటే రీఫండ్ లేదంట. చివరికి మా ఆవిడ, ఏలూరు మనిషి, తన హైదరాబాద్ ఆధార్ తీసి బల్ల మీద పెడితే తాళం చేతికొచ్చింది, పైగా ఏసీకని ఇంకో 300 గుంజాడు. రిజిస్టర్లో ఆమె పేరు, పక్కన "తోడు 1" అని నేను. ఆమె ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. సొంతూళ్ళో దిగేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడగండి.

బాబాయి వాళ్ళిల్లు లేక కాదు. చుట్టాలింట్లో దిగితే టిఫిన్లకీ పలకరింపులకే సరిపోతుంది, మేం పోయింది మా నెల్లూరులోనే జరిగే ఓ నవల పట్టుకుని, అందులోని చోట్లు చూస్తూ ఊరు తిరగడానికి. మూలాపేట పిల్లాడొకడు ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎదిగే కథ. మా ఆవిడ నాకంటే ముందే చదివేసి ఆ చోట్లన్నీ చూపించమని పట్టుబట్టింది.

సొంతూరి నవల చదవడం మహా చిరాకు. పిల్లాడు ప్రేమలో పడుతుంటే మనం ట్రంకురోడ్డు నుంచి ఏ సందులోకి తిరిగాడా అని చూస్తుంటాం. రచయిత పెన్నలో పేజీకో వరద పారించాడు. మా చిన్నప్పుడు వేసవిలో పెన్న అంటే ఇసకే, క్రికెట్ ఆడిందీ అందులోనే. రంగనాథస్వామి గుడి దగ్గర ఏటి గట్టున నిలబడి ఇదే చెప్తుంటే "మీ కథ మీరు రాసుకోండి, ఇది ఆ పిల్లాడిది" అని కసిరింది. గుడికి పొద్దున్నే పోండి, మధ్యాహ్నం మూసేస్తారు. ఆటోకి 150 అడిగాడు, "ఏందన్నా, మన ఊరోళ్ళకి కూడానా" అంటే 80కి దిగాడు. లాడ్జిలో పనికిరానిది ఆటోలో పనికొచ్చింది.

బారాషహీద్ దర్గా దగ్గర మాత్రం నోరు మూసుకున్నాను. రొట్టెల పండగ మొహర్రం నెలలో కాబట్టి ఇప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర జనం లేరు. నవల్లో పిల్లాడు టెన్త్ పరీక్షల ముందు ఈ నీళ్ళలో నిలబడి ముక్కూ మొహం తెలియని ఆవిడ చేతి నుంచి చదువు రొట్టె, అంటే చదువు రావాలని కోరుకుని తీసుకునే రొట్టె, పుచ్చుకుంటాడు. కోరిక తీరితే మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా, వాడు లెక్కల్లో గట్టెక్కి కూడా సిగ్గేసి రొట్టె ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళడు. ఆ బాకీ పుస్తకం చివరిదాకా వాణ్ణి తరుముతుంది. రొట్టె అంచు తడిసి మెత్తబడి వేళ్ళకి అతుక్కోవడం, తుంపిన ముక్క నీళ్ళలో పడుతుందేమోనని ఎడమచెయ్యి కింద పట్టుకోవడం, ఇవి ఆ చెరువులో దిగినవాడు తప్ప రాయలేడు. పెన్న వరదలన్నీ అక్కడే మాఫీ చేసేశాను.

మైపాడు బీచికి ఆదివారం పోకండి, అంతే చెప్తాను.

భోజనం సంతపేట వైపు ఓ చిన్న మెస్సులో. బొమ్మిడాయిల పులుసు, మామిడికాయ ముక్కలేసి, అన్నంతో కలిపి 220. చేపలంటే ఏలూరే అని పెళ్ళయినప్పటి నుంచి గొప్పలు పోయే మనిషి మారు అన్నం పెట్టించుకుని, గిన్నె అడుగున పులుసు కూడా వంచుకుంది. ఒంటిగంట లోపే పోండి, రెండయితే సాంబారే గతి.