వైజాగ్‌లో స్క్రాబుల్ సెట్ కొంటున్నారా?

స్క్రాబుల్ అంటే ఇంగ్లిష్ అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట. జగదాంబలో కొన్నా, ద్వారకానగర్‌లో కొన్నా బిళ్లలు షాపులోనే లెక్కపెట్టండి. మొత్తం 100 ఉండాలి: 'ఈ' 12, 'ఏ', 'ఐ' చెరి 9, 'ఎస్' 4, ఏ అక్షరంగానైనా వాడుకోగలిగే ఖాళీవి 2. ఒక్క 'ఎస్' తగ్గినా ఆట రుచి పోతుంది. తర్వాత కళ్లు మూసుకుని బిళ్లని వేలితో తడమండి. అక్షరం ఉబ్బెత్తుగా తగిలితే ఆ సెట్ వద్దు. సంచిలో చెయ్యి పెట్టినవాడు నున్నగా ఉన్న ఖాళీ బిళ్లని ఇట్టే పట్టేస్తాడు. చౌక సెట్లకి ఉండే అసలు జబ్బు ఇదే.

అట్టబోర్డు మన సముద్రపు తేమకి మడత దగ్గర లేస్తుంది. పైన నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి ఉంచండి. ఆర్కే బీచ్‌కి మాత్రం తీసుకెళ్లకండి. స్కోరు కాగితం భీమిలి దాకా ఎగురుతుంది, ఇసుక సంగతి సరేసరి.

సాధనకి ఫోన్ యాప్ కన్నా ఈ సెట్టే మేలు, బిళ్లలు చేత్తో జరుపుతాం కాబట్టి. 'ఆర్, ఈ, టీ, ఏ, ఐ, ఎన్' బిళ్లలు నిలబెట్టే పట్టె మీద పేర్చండి. రెటీనా, రిటెయిన్ రెండూ అందులోనే ఉన్నాయి. 'ఎస్' చేరిస్తే రెటీనాస్, రిటెయిన్స్, నాస్టియర్. ఏడూ ఒకేసారి దించితే 50 బోనస్! చాలామంది వచ్చిన వరసనే గుడ్లప్పగించి చూస్తారు, అందుకే మాట తట్టదు. 'ఐ-ఎన్-జి', 'ఈ-డి' లాంటి తోకల్ని కుడివైపుకి తోసి, మిగిలినవి కలిపి చూడండి. 'క్యూ' పడితే 'యూ' కోసం కాచుకోనక్కర్లేదు, 'క్యూ-ఐ' అన్న మాట చెల్లుతుంది. రెండక్షరాల మాటల జాబితా ప్రింటు తీసి పెట్టెలోనే పడేయండి.