సెలవు తర్వాత మళ్లీ మిషన్‌కు: వెంటనే పనిలోకా, రెండు వారాలు ఆగా?

స్వదేశంలో ఏడాది గడిపి, పరాయి దేశంలోని సేవా స్థలానికి తిరిగొచ్చిన మిషనరీకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది.

దిగిన మర్నాడే పని మొదలుపెడితే లాభం లేకపోలేదు. ఎదురుచూస్తున్న సంఘం సంతోషిస్తుంది, అయినవాళ్లను వదిలొచ్చిన దిగులుకు తీరిక దొరకదు. కానీ ఒళ్లు మాట వినదు. జెట్ లాగ్, అంటే దూర విమాన ప్రయాణంతో నిద్రవేళలు తారుమారై వచ్చే అలసట, తగ్గడానికి దాటిన ఒక్కో టైమ్ జోన్‌కు సుమారు ఒక రోజు పడుతుందని లెక్క. 8 జోన్లు దాటి మూడో రోజే ప్రసంగానికి నిలబడితే, బాగా తెలిసిన మాట కూడా నాలుక చివరే ఆగిపోతుంది. ఏడాదిగా వాడని భాష మరి!

రెండు వారాలు ఆగితే మూసి ఉన్న ఇల్లు దులుపుకోవచ్చు, వీసా కాగితాలు చూసుకోవచ్చు. అసలు లాభం మాత్రం ఇంటింటికీ వెళ్లి కూర్చోవడంలో ఉంది. మనం లేనప్పుడు ఎవరు పోయారో, ఎవరికి బిడ్డ పుట్టిందో, మన పని ఎవరు భుజాన వేసుకున్నారో అక్కడే తెలుస్తుంది. ఏడాది పాటు తలుపులు తీసి, ఊడ్చి, ఆరాధన నడిపిన మనిషి చేతిలోంచి రాగానే తాళాలు తీసేసుకోవడం నాకైతే మర్యాదగా అనిపించదు.

ఓడల కాలంలో ఈ టెన్షన్ లేదు. 1812లో అమెరికా వదిలిన మిషనరీ అడోనిరామ్ జడ్సన్ మళ్లీ స్వదేశం చూసింది 1845లో. మరుసటి ఏడాది బర్మాకు తిరిగి వెళ్లేటప్పుడు నెలల తరబడి సముద్రం మీదే ఉన్నారు.

నా ఓటు ఆగడానికే. ఒంటరిగా వెళ్లినవాళ్లకు మాత్రం ఖాళీ రోజులు ఎక్కువైతే బెంగ ముదురుతుంది, వాళ్లకు వారం చాలు.