సెకండ్ హ్యాండ్‌లో ‘వార్ ఆఫ్ ది లయన్స్’ కొంటున్నారా? పెట్టె చూసి డబ్బు పంపకండి

పీఎస్‌పీలో (చేతిలో పట్టుకుని ఆడే సోనీ గేమ్ మెషిన్) ఆడే ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్: ది వార్ ఆఫ్ ది లయన్స్’ పాత డిస్కు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. నేను మోసపోయాను. నాకు వచ్చింది నకిలీ డిస్కేం కాదు, నూటికి నూరుపాళ్లు అసలైనదే. కానీ నేను కొన్నది మాత్రం అది కాదు.

1997లో ప్లేస్టేషన్‌కు వచ్చిన ఈ గేమ్ మొదటి వెర్షన్ నేను ఆడాను. రాజ్యం కోసం రెండు వర్గాలు కొట్టుకోవడం, మధ్యలో రామ్జా, డెలిటా అనే ఇద్దరు స్నేహితులు చెరో దారి పట్టడం, అంతవరకు తెలుస్తూనే ఉండేది. ఎవరు ఎవర్ని ఎందుకు వెన్నుపోటు పొడుస్తున్నారో మాత్రం అర్థమయ్యేది కాదు. నా ఇంగ్లిషే అంతంతమాత్రం కాబోలు అనుకునేవాణ్ణి. ఆ అనువాదమే అధ్వానమని చాలా ఏళ్లకు తెలిసింది. 2007లో పీఎస్‌పీకి రీమేక్ చేసినప్పుడు ఇంగ్లిష్ మాటలన్నీ పాతకాలపు నాటకాల ఫక్కీలో మళ్లీ రాశారు. కథలో ముఖ్యమైన చోట్ల బొమ్మల సినిమాలా కదిలే దృశ్యాలు పెట్టి, ఇంగ్లిష్‌లో వాటికి గొంతులు కూడా ఇచ్చారు. డార్క్ నైట్, ఆనియన్ నైట్ అని రెండు కొత్త జాబులు (పాత్రలు నేర్చుకునే యుద్ధ వృత్తులు), బాల్తియర్, లూసో అని ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. 2025 సెప్టెంబరు చివర్లో ఇప్పటి మెషిన్లకు ‘ది ఇవాలిస్ క్రానికల్స్’ పేరుతో ఇదే గేమ్ మళ్లీ వచ్చింది కానీ, ఈ జాబులూ ఈ ఇద్దరూ అందులో లేరు. అందుకే నాలాంటివాళ్లు ఇంకా ఆ చిన్న యూఎండీ (పీఎస్‌పీ డిస్కు) కోసం వెతుకుతూనే ఉన్నారు. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

నేను చూసిన ప్రకటనలో ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. అమెరికా ఎడిషన్ పెట్టె ముందువైపు, వెనకవైపు, పక్కనుంచి. కింద ‘ఇంగ్లిష్, వర్కింగ్ కండిషన్’ అని రాసుంది. పెట్టె తెరిచి డిస్కు చూపించిన ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ఆ లోటు నా కంటికి ఆనలేదు. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనన్న టెన్షన్‌లో అదే రాత్రి డబ్బు కట్టేశాను.

పార్సిల్ విప్పగానే కవరు తేడాగా అనిపించింది. రంగులు కాస్త వెలిసినట్టున్నాయి, వెనకవైపు చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి, అంచు కత్తెరతో వంకరగా కోశారు. ఎవరో స్కాన్ చేసి ప్రింటు తీసిన కవరది. పాత పెట్టె కదా, చిరిగిపోతే మార్చి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. లోపల డిస్కు మీద ఉన్నది జపనీస్ లిపి. అయినా ఆశ చావక మెషిన్‌లో పెట్టాను. చక్కగా లోడ్ అయింది, సంగీతం మొదలైంది. ఎక్స్ నొక్కితే వెనక్కి పోతోంది, సున్నా నొక్కితే ముందుకు పోతోంది. జపాన్ గేముల్లో బటన్ల పద్ధతి అదే. ఇంక చూడాల్సిందేమీ లేదని అప్పుడు ఒప్పుకున్నాను.

ఈ మోసానికి వీలిచ్చేది పీఎస్‌పీలోని ఒక మంచి గుణమే. యూఎండీ సినిమాలకు రీజియన్ లాక్ ఉంటుంది కానీ గేములకు ఉండదు. ఏ దేశం డిస్కు ఏ దేశం మెషిన్‌లో పెట్టినా ఆడుతుంది. కాబట్టి జపాన్ డిస్కును ఇంగ్లిష్ పెట్టెలో పెట్టి పంపినా మెషిన్ అభ్యంతరం చెప్పదు. కొన్నవాడు గోల చేస్తే, అమ్మినవాడి నోట ఒకటే మాట.

నాకూ అదే జవాబు వచ్చింది. ‘గేమ్ రన్ అవుతోంది కదండీ, వర్కింగ్ అనే కదా రాశాం’ అన్నాడు. పెట్టె మీద ఇంగ్లిష్ ఉంది కదా అంటే, ‘మేం పెట్టె కూడా పంపాం కదా’ అన్నాడు. ఆ తెలివికి నిజంగా నోట మాట రాలేదు. రెండు రోజులు పలకలేదు. తర్వాత ‘కావాలంటే ఇంగ్లిష్ కాపీ మెమరీ స్టిక్‌లో వేసి పంపిస్తా’ అన్నాడు. దొంగ కాపీ కావాలనుకుంటే డిస్కుకు ఇంత డబ్బు ఎందుకు పోస్తానండీ? వద్దన్నాను. ఫిర్యాదు పెడదామని ప్రకటన తెరిస్తే అందులో ‘ఇంగ్లిష్’ అన్న మాట మాయమైంది. ముందురోజు వరకు ఉంది. నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు. చివరికి సగం డబ్బు వెనక్కి ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. మిగతా సగం స్క్రీన్‌షాట్ తీయనందుకు నేను కట్టిన జరిమానా.

కథ తెలిసిందే కదా, జపనీస్‌లోనే లాగించేద్దామని కూడా చూశాను. ఓర్బాన్ మఠం దగ్గరి మొదటి యుద్ధం, ఆ తర్వాత నాలుగైదు పోరాటాలు జ్ఞాపకం మీదే గట్టెక్కాను. కానీ ఈ గేమ్‌లో అసలు ఆట యుద్ధభూమిలో కంటే మెనూల్లో ఎక్కువ. ఏ స్కిల్ ఏం చేస్తుంది, ఎవరికి ఏ జాబు ఏ లెవెల్‌లో ఉంది, ఎదుటివాడి రాశికీ మనవాడి రాశికీ పొత్తు కుదురుతుందా, ఇవి చదవలేకపోతే చదరంగంలో పావుల పేర్లు తెలియకుండా కూర్చున్నట్టే. డార్క్ నైట్ సంగతి చూడండి. నైట్, బ్లాక్ మేజ్ రెండూ పూర్తిగా మాస్టర్ చేయాలి, జియోమాన్సర్, డ్రాగూన్, సమురాయ్, నింజా నాలుగూ 8వ లెవెల్‌కు చేరాలి, పైగా ఆ పాత్ర 20 మంది శత్రువులను చంపి ఉండాలి. ఇంగ్లిష్‌లోనే లెక్క తప్పే వ్యవహారం ఇది.

పైగా, ఇప్పటికి దీంట్లో ఆడుతూ ఉంటే తర్వాత ఇంగ్లిష్ డిస్కు దొరికినప్పుడు అక్కడి నుంచే కొనసాగించవచ్చని అనుకున్నాను. అది కుదరదు. సేవ్ ఫైలు డిస్కు కోడ్ పేరు మీద ఉంటుంది. జపాన్ డిస్కుతో చేసిన సేవ్ అమెరికా డిస్కుకు కనపడనే కనపడదు. పదిహేను గంటలు గంగలో కలిశాయి.

ఆ కోడ్ మీదే మన జాగ్రత్త అంతా ఉండాలి. పీఎస్‌పీ డిస్కు మీద సన్నగా నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. యు-ఎల్-యు-ఎస్ అని మొదలైతే అమెరికాది, యు-ఎల్-ఇ-ఎస్ అయితే యూరప్‌ది, ఈ రెంటిలోనూ ఇంగ్లిష్ ఉంటుంది. యు-ఎల్-జె-ఎమ్ అని కనపడితే జపాన్‌ది. అమెరికా డిస్కు నంబరు 10297. పెట్టె మీద ఏ కోడ్ ఉన్నా నమ్మకండి, ప్రింటర్ ఏదైనా అచ్చేస్తుంది. డిస్కు మీది కోడ్ చదవగలిగేంత దగ్గరగా తీసిన ఫొటో అడగండి. దాంతోపాటు అదే డిస్కుతో గేమ్ మొదలై టైటిల్ కనపడుతున్న ఫొటో, పక్కన ఆరోజు తేదీ రాసిన కాగితం పెట్టి పంపమనండి. నిజాయితీగా అమ్మేవాడికి ఇది రెండు నిమిషాల పని. ‘నమ్మకం లేకపోతే వదిలేయండి’ అంటే వదిలేయడమే మంచిది. ఇక డబ్బు కట్టే ముందు ప్రకటన మొత్తం, మీ ఇద్దరి సంభాషణ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డిస్కు వెనకవైపు కూడా చూపించమనండి. యూఎండీని పట్టి ఉంచే ప్లాస్టిక్ డొక్కు పాతబడితే జిగురు వదిలి రెండు ముక్కలుగా విడిపోతుంది. అతికించి అమ్మడం తప్పేమీ కాదు, చెప్పి అమ్మితే.

మీ మెషిన్ సంగతీ ఒకసారి చూసుకోండి. పీఎస్‌పీ గో, పీఎస్‌పీ తర్వాత వచ్చిన వీటా, ఈ రెంటిలోనూ యూఎండీ పెట్టే చోటే లేదు. ఈ1000 మోడల్‌లో డిస్కు పడుతుంది కానీ వైఫై లేదు. ఈ రీమేక్‌లో ఇద్దరు కలిసి ఆడే మిషన్లకు పక్కపక్కన రెండు పీఎస్‌పీలు వైఫైతో కలవాలి, ఇంటర్నెట్‌లో ఆడే ఏర్పాటు లేదు. కొన్ని గొప్ప ఆయుధాలు, కవచాలు అక్కడే దొరుకుతాయి. తోడు ఆడేవాళ్లు లేకపోతే ఆ ఆశ ముందే వదులుకోండి.

ఒక విషయంలో మాత్రం అమ్మినాయన మీద నేను అన్యాయంగా అరిచాను, అదీ చెప్పాలి. మంత్రం వేసినప్పుడల్లా బొమ్మ నత్తనడక నడుస్తుంటే డిస్కు అరిగిపోయిందని తిట్టాను. అది డిస్కు తప్పు కాదు. పీఎస్‌పీ వెర్షన్ మొదటినుంచీ అంతే, సరికొత్త సీల్డ్ డిస్కులోనూ అలాగే ఉంటుంది. తర్వాత ఫోన్లకు వచ్చిన వెర్షన్‌లో ఆ నత్తనడక లేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి.

ఇంగ్లిష్ డిస్కు కోసం మళ్లీ వెతుకుతున్నాను. నా దగ్గరున్న జపాన్ డిస్కు జపనీస్ చదవగలిగే వాళ్లెవరికైనా అమ్మేస్తాను. ఆ ప్రింటు కవరు చింపేశాను. ఖాళీ పెట్టెలోనే పంపుతాను. మొదటి ఫొటో డిస్కుదే పెట్టాను, మొదటి లైను ‘ఇంగ్లిష్ లేదు’.