పిల్లలతో ఉప్పుటేటిలో గాలం వేట: గైడ్ ట్రిప్పులపై మా సమీక్ష

నడిసముద్రం జోలికి పోకుండా ఒడ్డుకు ఆనుకుని ఉండే ఉప్పునీళ్లలో, అంటే ఏటి మొగల్లో, ఉప్పుటేర్లలో, మడ చెట్ల అంచుల్లో గైడు తన పడవ మీద తీసుకెళ్లి గాలం వేయించే ట్రిప్పుల గురించి ఈ సమీక్ష. ఏళ్ల తరబడి రకరకాల గైడ్లతో, గాలం ఎప్పుడూ పట్టని పెద్దవాళ్లనీ ఆరేడేళ్ల పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్తున్నాం. మా మాట ముందే చెప్పేస్తాం: కొత్తవాళ్లు చేపలవేట మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు. కాకపోతే మీరు డబ్బు పెట్టేది పెద్ద చేప కోసం అనుకుంటే నిరాశ తప్పదు. నేర్పే ఓపిక ఉన్న మనిషి కోసం పెడుతున్నాం అనుకుంటే పెట్టిన ప్రతి పైసా గిట్టుబాటవుతుంది.

నడిసముద్రపు ట్రిప్పుతో పోలిస్తే ఇక్కడ లాభాలు స్పష్టం. లోతు మోకాలి నుంచి రెండు మూడు మీటర్ల వరకే ఉంటుంది, అలలు చిన్నవి. కడుపులో తిప్పడం చాలా తక్కువ. జెట్టీ వదిలిన పావుగంట, ఇరవై నిమిషాల్లో గాలం నీళ్లలో పడుతుంది. పిల్లలకి ఒంట్లో బాగోకపోతే అంతే సేపట్లో ఒడ్డుకు వచ్చేయొచ్చు. గాలి తిరిగినా ఏదో ఒక తిప్ప వెనక నిలకడ నీళ్లు దొరుకుతాయి.

ట్రిప్పు ఎంతసేపు అన్నదానికి మా జవాబు నాలుగు గంటలు. రోజంతా తిప్పే ఎనిమిది గంటల ట్రిప్పు గంట లెక్కన చవగ్గా కనిపిస్తుంది గానీ, పిల్లలున్న ఇంటికి పనికిరాదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి రెండున్నర గంటలు దాటాక గాలం కంటే ఎర బకెట్లో రొయ్యలే ఎక్కువ సరదా. అది తప్పేం కాదు, వాళ్లని అలా ఆడుకోనిచ్చే గైడే మంచి గైడు. అడిగితే చాలామంది మూడు గంటలకి కూడా ఒప్పుకుంటారు.

బుకింగ్ దగ్గర దాదాపు అందరూ తప్పటడుగు వేసేది ఆటుపోట్ల విషయంలో. ఉదయం ఆరుకా, మధ్యాహ్నం రెండుకా అని అడుగుతారే తప్ప ఆ రోజు పోటు (నీళ్లు ఎక్కడం) ఎప్పుడు, పాటు (నీళ్లు దిగడం) ఎప్పుడు అని అడగరు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాల తేడా ఉంటుంది, మర్నాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీళ్లు కదులుతున్నప్పుడే చిన్న రొయ్యలు, చిరుచేపలు కొట్టుకొస్తాయి. వాటి కోసం పెద్ద చేపలు మలుపుల దగ్గర, కాలవ నోళ్ల దగ్గర కాపు కాస్తాయి. నీళ్లు నిలిచిపోయిన ఆ అరగంట, ముప్పావుగంట ఎంత మంచి ఎర వేసినా బెండు కదలదు. కాబట్టి నాలుగు గంటల ట్రిప్పులో కనీసం మూడు గంటలు నీళ్లు కదిలేలా సమయం అడగండి. పాటు తీసేటప్పుడు మడల్లోంచి నీళ్లు కాలవల్లోకి దిగే చోటు కొత్తవాళ్లకి అన్నిటికంటే తేలిక, చేపలు ఒక్కచోటికి చేరతాయి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా ఉధృతంగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకి అది పండగే గానీ, పిల్లల చేతిలో గాలం ఉంటే బెండు నిమిషంలో కొట్టుకుపోతుంది, దారాలు ఒకదాంట్లో ఒకటి పడతాయి. అష్టమి దాటాక రెండు రోజులు నీళ్లు మరీ మందకొడి. ఈ రెండిటికీ మధ్య రోజులు కుటుంబాలకి సరిగ్గా సరిపోతాయి. గాలి కూడా చూసుకోవాలి. గంటకి 25 కిలోమీటర్లు దాటిన గాలి ప్రవాహానికి ఎదురుగా వీస్తే లోతు తక్కువ నీళ్లలో కూడా పొట్టి పొట్టి అలలు లేచి పడవ కుదుపులకి కూర్చోవడమే కష్టమవుతుంది. అలాంటి రోజు ట్రిప్పు వాయిదా వేద్దాం అని గైడే ముందు అనాలి. ఆ మాట మనం అనే దాకా ఆగే గైడుతో మళ్లీ వెళ్లం.

పడవల్లో ముగ్గురు నలుగురికి ఇరవై నుంచి ఇరవై నాలుగు అడుగుల బే బోట్ (తీరపు నీళ్లలో తిరిగే మోటారు పడవ) సరిపోతుంది. లోతు తక్కువ నీళ్లలోనూ పోతుంది, కానీ చాలావాటికి నీడ ఉండదు. మరీ లోతు తక్కువ నీళ్ల కోసం చేసిన చిన్న పడవలు, స్కిఫ్‌లలో ఇద్దరికి మించి గాలం వేయలేరు, అంచులు కూడా మరీ కిందికి ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలకి వద్దు. తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తుంటే పైకప్పు, చుట్టూ రెయిలింగు, టాయిలెట్ ఉన్న పాంటూన్ పడవ (గొట్టాల్లాంటి తేలే దిమ్మెల మీద వెడల్పాటి బల్ల ఉన్నది) అడగండి. అది వేగంగా పోదు, లోపలి కాలవల్లోకి దూరదు. అయినా ముసలివాళ్లు, పసివాళ్లు హాయిగా కూర్చునేది దాంట్లోనే.

ఇక గాలం సామాను. మంచి గైడు ఇచ్చే సెట్టు దాదాపు ఎక్కడైనా ఒకటే: ఏడడుగుల తేలికపాటి రాడ్డు, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీలు (దారం చుట్టే చక్రం), 10 నుంచి 15 పౌండ్ల బరువుకి ఆగే బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన) దారం, దాని చివర రెండు మూడు అడుగుల 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు (ఎరకి ముందుండే గట్టి ప్లాస్టిక్ దారం ముక్క). ఆల్చిప్పల గుట్టలకి, చేప పళ్లకి రాసుకున్నప్పుడు సన్నటి బ్రెయిడ్ పుటుక్కున తెగిపోతుంది, లీడరు ఆ రాపిడికి తట్టుకుంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఐదున్నర, ఆరడుగుల రాడ్డు ఉందా అని అడగండి. పొడవాటి రాడ్డు పిడి చంకలో ఇరుక్కుని వాళ్లు రీలు తిప్పలేరు.

ఎర విషయానికొస్తే, కొత్తవాళ్లకి పాపింగ్ కార్క్ (గుంజితే చప్పుడు చేసే బెండు) కింద బతికున్న రొయ్యని మించింది లేదు. కార్క్ కింద ఒకటిన్నర నుంచి రెండడుగుల లీడరు, దాని కొసన 1/0 సైజు సర్కిల్ హుక్కు (కొన లోపలికి వంగినది). రొయ్య తల మీది రంపపు కొమ్ము కింద నల్లటి మచ్చ కనిపిస్తుంది, దానికి తగలకుండా కాస్త ముందు నుంచి హుక్కు దూర్చాలి. మచ్చకి తగిలిందా, రొయ్య అక్కడికక్కడే చస్తుంది. విసిరాక దారం బిగువు చేసి, అరనిమిషానికోసారి రాడ్డు కొసని చటుక్కున ఒక్క గుంజు గుంజితే కార్క్ బుడుంగుమంటుంది. పైన ఏదో చేప మేస్తోందనుకుని చుట్టుపక్కలవి చూడటానికొస్తాయి. పిల్లలకి చేయడానికి ఒక పని ఉంటుంది, చూడటానికి బెండు ఉంటుంది. రబ్బరు ఎరలు, జిగ్‌హెడ్‌లు (తలకి సీసం గుండున్న హుక్కులు) తర్వాతి సంగతి.

విసరడం నేర్పేటప్పుడు గమనించాల్సింది ఒకటుంది. రాడ్డు కొస నుంచి కార్క్ ఓ జానెడు కిందికి వేలాడాలి. చూపుడువేలితో దారం పట్టి, బెయిల్ (రీలు మీద దారాన్ని పట్టి ఉంచే తీగ కమ్మీ) తెరిచి, వెనక ఎవరూ లేరని చూసుకుని, రాడ్డు ముందుకొచ్చి గడియారంలో పదిన్నరకి చిన్న ముల్లు ఉండే వాలుకి రాగానే వేలు వదలాలి. కార్క్ నీళ్లలో పడగానే బెయిల్‌ని చేత్తో మూయాలి. అక్కడే దారాన్ని వేళ్లతో ఓసారి లాగి స్పూలు (రీలులో దారం చుట్టుకునే కండె) మీద బిగించాలి. హ్యాండిల్ తిప్పి బెయిల్ మూసే అలవాటుంటే వదులు దారం చుట్లు స్పూలు మీద పడి, తర్వాతి విసురుకి కట్టకట్టుకుని బయటికొస్తాయి. బ్రెయిడ్‌లో పడిన ఆ చిక్కు విప్పడానికి గైడుకి పావుగంట పడుతుంది, అది మీ నాలుగు గంటల్లోంచే పోతుంది.

చేప ఎర అందుకున్నాక ఇంకో రెండు తప్పులు అందరూ చేస్తారు. మొదటిది, బెండు మునగ్గానే గట్టిగా లాగేయడం. సర్కిల్ హుక్కు పనిచేసే తీరు వేరు: చేప ఎర తీసుకుని పక్కకి తిరిగినప్పుడు హుక్కు తనంతట తనే నోటి మూలన గుచ్చుకుంటుంది. గుంజితే నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. రాడ్డు వంగేదాకా ఆగి, నిదానంగా రీలు తిప్పడమే. రెండోది, చేప దారం లాక్కుపోతూ డ్రాగ్ (గట్టిగా లాగితే దారం తెగకుండా కాస్త కాస్తగా వదిలే రీలు మర) కిర్రుమంటున్నా రీలు తిప్పుతూనే ఉండటం. అలా తిప్పిన ప్రతి చుట్టుకీ దారంలో ఐదు మెలికలు దాకా పడతాయి. చేప లాగుతుంటే చేతులు ఆపాలి, అది ఆగితే రాడ్డు పైకెత్తి, దించుతూ చుట్టాలి. డ్రాగ్ దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి. 10 పౌండ్ల దారానికి అది కిలో నుంచి కిలోన్నర. పిల్లలు ఆ మర తిప్పుతూ ఆడుకుంటారు, అందుకే చేయి మారినప్పుడల్లా గైడు చెయ్యేసి చూడాలి.

గైడుని ఫోన్లోనే అంచనా వేయొచ్చు. “ఏడేళ్ల పాప వస్తోంది, ఇదివరకెప్పుడూ పట్టలేదు” అని చెప్పి ఊరుకోండి. చిన్న చేపలైనా ఎక్కువ పడే చోటు, నీడ, మధ్యలో విరామం, పాప సైజు లైఫ్ జాకెట్ గురించి మాట్లాడితే బుక్ చేసేయండి. పోయిన వారం పట్టిన భారీ చేప ఫోటో పంపితే దండం పెట్టి ఇంకొకరిని చూసుకోండి. మాకు ఎదురైన వాటిలో అన్నిటికంటే చిరాకు తెప్పించిన ట్రిప్పులో గైడు మంచి వేటగాడే. కానీ మొత్తం తనే విసిరి, చేప తగిలాక రాడ్డు పిల్లల చేతిలో పెట్టాడు. చేపలు బోలెడు పడ్డాయి, పిల్లలు నేర్చుకుంది మాత్రం ఏమీ లేదు. అప్పటినుంచి “విసరడం మేమే నేర్చుకుంటాం” అని ముందే చెప్పేస్తున్నాం.

అడిగి తేల్చుకోవాల్సినవి మరికొన్ని: లైసెన్సు గైడుదే అందరికీ వర్తిస్తుందా, మీరు విడిగా తీసుకోవాలా? ఎర, ఐసు, చేప కోసివ్వడం రేటులో కలిసి ఉన్నాయా? వాతావరణం బాగోకపోతే అడ్వాన్సు తిరిగిస్తారా, మరో రోజుకి మారుస్తారా? ఆఖరి ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

భద్రత విషయంలో రాజీ లేదు. పిల్లల లైఫ్ జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేచి తల మీదుగా జారిపోతుంది. జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూడండి, గడ్డం దాటి వస్తే పెద్దదైనట్టే. హుక్కుల కొనల దగ్గరి అడ్డుముల్లుని ప్లయర్‌తో నొక్కేయమనండి, వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది. కంటి దగ్గర గుచ్చుకుంటే ఎవరూ లాగకూడదు, నేరుగా ఆసుపత్రికే. జెల్ల పడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. దాని వీపు మీదా, రెండు పక్కలా ఉండే ముళ్లు గుచ్చుకుంటే భరించలేని సలుపు. నీళ్లలో దిగి నడిస్తే కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి, అడుగున పడుకున్న టేకు చేప (తోకకి విషపు ముల్లు ఉండేది) ఆ అలికిడికి తప్పుకుంటుంది. జెల్లకైనా టేకుకైనా ప్రథమ చికిత్స ఒకటే, చర్మం కాలనంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచడం. ముల్లు ముక్క లోపల విరిగినా, ఛాతీకో పొట్టకో తగిలినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఎండకి పొడుగు చేతుల చొక్కా, అంచులున్న టోపీ, నీటి మీది మెరుపుని కోసే పోలరైజ్డ్ కళ్లద్దాలు. దోమల మందులో డీట్ ఉంటే అరచేతులు తుడుచుకోండి, అది ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, రీలు పిడులు జిగటగా తయారవుతాయి.

వదిలేసే చేపని తడి చేతుల్తో, అడ్డంగా, పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకోవాలి. పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు పొర ఊడి వచ్చేస్తుంది. ఫోటో తీసేవాళ్లు సిద్ధమయ్యాకే చేపని నీళ్లలోంచి ఎత్తండి. ఉంచుకునేదైతే ముందు కొలబద్ద మీద పెట్టి కనీస పొడవు నిబంధన చూసుకుని, వెంటనే ఐసు, ఉప్పునీళ్లు కలిపిన పెట్టెలో ముంచేయాలి. ఉత్త ఐసు ముక్కల కంటే అది చేపని చాలా త్వరగా చల్లబరుస్తుంది. వండినప్పుడు కండ విరిగిపోకుండా గట్టిగా ఉంటుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం ఈ ట్రిప్పు సిఫారసు చేయం. అదే గైడుని రెండు గంటలకి జెట్టీ మీదకి రమ్మనండి. చిన్న హుక్కు, రొయ్య ముక్క, సీసం గుండు చాలు. విసుగొస్తే ఇంటికి నడిచి వెళ్లిపోవచ్చు.