పోయిన వెండి నాణెం: మిలే గీసిన వెలుగు, డాల్జీల్ సోదరులు చెక్కిన చీకటి

ఆంగ్ల చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే గీయగా డాల్జీల్ సోదరులు కొయ్య దిమ్మలపై చెక్కిన, క్రీస్తు చెప్పిన ఉపమానాల (నీతికథల) చిత్రాలు 1864 తేదీతో లండన్‌లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1857లో 30 చిత్రాలు అనుకున్నప్పటికీ మిలే పూర్తి చేసినవి 20 మాత్రమే. వాటిలో నాకు అన్నిటికంటే గొప్పదిగా తోచేది లూకా సువార్త 15వ అధ్యాయంలోని పోయిన వెండి నాణెం చిత్రం.

పది నాణేలలో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదకుతుందని ఉపమానం చెబుతుంది. మిలే ఆ దీపాన్ని కొవ్వొత్తిగా మార్చి ఆమె చేతికే ఇచ్చాడు. అందువల్ల వెలుగు ఎక్కడో పైనుంచి దిగిరాదు, ఆమె వెదకే చోటికి ఆమెతోపాటే కదులుతుంది. చీపురుతో నేలవైపు వంగిన ఆ శరీరమే చూపును కిందికి నడిపిస్తుంది. చుట్టూ ఉన్న చీకటి ఆ చూపును పక్కకు పోనివ్వదు. దైవత్వాన్ని సూచించే అలంకారమేదీ లేకుండా, ఒక ఇంటి పనిలోనే ఉపమానమంతా ఇమిడిపోవడం ఈ కూర్పు సాధించిన ఘనత.

ఈ విషయానికి కొయ్య చెక్కడం కంటే తగిన మాధ్యమం మరొకటి ఉంటుందనుకోను. బాక్స్‌వుడ్ అనే గట్టి కొయ్య దిమ్మ మీద ఉలి తొలగించిన చోట సిరా అంటదు, తాకని చోటంతా నల్లగా అచ్చు పడుతుంది. అంటే చీకటి దిమ్మలో ముందే ఉంది, వెలుగును మాత్రం గీత గీతగా తవ్వి తీయాలి. బూడిద రంగు సిరా అనేదే లేదు కనుక, నీడలోని ప్రతి ఛాయా గీతల మందం మీద, వాటి మధ్య విడిచిన సందు మీద ఆధారపడుతుంది. మిలే రూపకల్పనను ఎంత మెచ్చుకుంటామో, ఆ సందులను నిలబెట్టిన చెక్కుడు పనివారి చేతులనూ అంతే మెచ్చుకోవాలి.

చిత్రం ఎత్తు సుమారు 14 సెంటీమీటర్లే కాబట్టి ముద్రణ నాణ్యత చాలా ముఖ్యం. సిరా ఎక్కువైన ప్రతులలో సన్నని గీతలు కలిసిపోయి నీడలు ముద్దగా మారతాయి; తక్కువ స్పష్టత గల డిజిటల్ ప్రతులలోనూ అదే నష్టం జరుగుతుంది. లండన్‌లోని టేట్ కళాసంగ్రహాలయ సేకరణలో ఈ చిత్రాల అచ్చు ప్రతులు ఉన్నాయి. కొనదలచినవారు ఏ ప్రతినైనా భూతద్దంతో పరిశీలించి, చీకటి భాగంలో గీతలు విడివిడిగా కనిపిస్తేనే తీసుకోవాలి.