పసుపు కార్డు, తొంభై మాత్రలు: కంపాలా వెళ్ళే ముందు నేను ఎక్కిన గుమ్మాలు

ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలకు సూదులు వేసినదాన్ని. అందులో ఇరవై రెండేళ్ళు పాడేరు ఏజెన్సీలోనే గడిచాయి. ఏఎన్ఎంగా రిటైరయ్యాక మల్కాజిగిరిలో కొడుకు దగ్గర ఉంటున్నాం. అమ్మాయి పురిటికి ఉగాండా రాజధాని కంపాలా వెళ్ళాల్సొచ్చి, అరవై నాలుగో ఏట నేనే జాకెట్టు చెయ్యి పైకి మడిచి బెంచీ మీద కూచున్నాను. అందుకే ఈ రివ్యూలో కుర్చీలు మెత్తగా ఉన్నాయా, కాఫీ ఇచ్చారా లాంటివి ఉండవు. నా కళ్ళు ఫ్రిజ్ తలుపు మీదికి, వయల్ (టీకా సీసా) మీద రాసిన టైము మీదికి, వాడేసిన సూది ఎందులో పడేశారన్న దాని మీదికి పోతాయి. పాత అలవాటు.

మొదట వెళ్ళింది ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ట్రావెల్ క్లినిక్‌కి. పేరు రాయను. లోపల చల్లగా ఏసీ, మూలన చేపల తొట్టె. కౌంటర్లో కుర్రాడు "ఏ దేశం ఆంటీ?" అన్నాడు. ఉగాండా అన్నానో లేదో లామినేషన్ చేయించిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. ఆఫ్రికా ప్యాకేజీ. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, మెనింజైటిస్, రేబిస్, కలరా అన్నీ కలిపి. ఇద్దరికీ నలభై వేలు దాటింది. ఎన్నాళ్ళుంటారు, పట్నంలోనా పల్లెలోనా, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. మా ఆయన కీళ్ళవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటారు. ఆ సంగతి చెప్పబోతే "ఫారంలో రాయండి అంకుల్, డాక్టర్‌గారు చూసుకుంటారు" అన్నాడు. ఆ డాక్టర్‌గారు ఫోన్లో మాత్రమే దొరుకుతారట.

ఇంతలో ఎవరో టీకాల ఫ్రిజ్ తలుపు తీశారు. కింది అరలో టిఫిన్ డబ్బా! థర్మామీటరు జాడ లేదు. మా పీహెచ్‌సీలో ఐఎల్‌ఆర్‌లో (టీకాల ఫ్రిజ్‌లో) ఎవరైనా పెరుగు గిన్నె పెడితే మెడికలాఫీసరు ఆ గిన్నె తీసి గుమ్మం బయట పెట్టించేవారు, గిన్నె ఎవరిదో వాళ్ళకి ఆ రోజంతా ముఖం చెల్లేది కాదు. ఇన్ని సూదులున్న ఈ ప్యాకేజీలో తప్పనిసరి అయిన సూది మాత్రం లేదు. "ఎల్లో ఫీవర్ మా దగ్గర వెయ్యరు ఆంటీ, దానికి నారాయణగూడ పోవాలి" అన్నాడు. అక్కడికే పోదాం అని లేచాను.

ఈ ఎల్లో ఫీవర్ సంగతి తెలియక చాలామంది ఆఖరి వారంలో పరిగెత్తుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఉగాండాలో అడుగు పెట్టాలంటే ఈ టీకా కార్డు ఉండాల్సిందే. ఆన్‌లైన్ వీసాకే కార్డు కాపీ జతచెయ్యమంటారు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, అంటే ఈరోజు సూది వేయించుకుని రేపు విమానం ఎక్కడం కుదరదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలకే ఆ పసుపు కార్డు ఇచ్చే అధికారం. వెళ్ళేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడూ మన విమానాశ్రయంలో కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మనవాళ్ళ పట్టుదలకు కారణం ఉంది. ఆ జబ్బును మోసే ఈడిస్ దోమ మన ఇళ్ళలో కావలసినంత ఉంది, జబ్బు మాత్రం ఇంతవరకు లేదు. ఒక్కడు మోసుకొస్తే చాలు.

నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థను అందరూ ఐపీఎం అంటారు. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్టులు, ఇద్దరి మందుల చీటీలు పట్టుకుని వెళ్ళాం. మా ముందు పదకొండు మంది. ఎక్కువమంది ఉద్యోగాలకు పోయే కుర్రాళ్ళు, ఒకడు కాంగోకి, ఇద్దరు నైజీరియాకి. అందర్నీ ఒకే పూట కూచోబెట్టడానికి ఒక లెక్క ఉంది. ఈ టీకా పొడిగా వస్తుంది. ద్రావకం కలిపాక ఆరు గంటలు దాటితే పారెయ్యాలి. ఒకరి కోసం వయల్ తెరిస్తే మిగతా డోసులు మట్టిపాలు. తట్టు టీకాకి మేము నాలుగు గంటలు లెక్కపెట్టుకునేవాళ్ళం, సంతరోజు తల్లులు దిగొచ్చేదాకా వయల్ తెరిచేవాళ్ళం కాదు.

డాక్టరమ్మ చిన్న వయసుదే. నా వయసు అరవై నాలుగు అని విని పెన్ను కింద పెట్టింది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఈ టీకా వేసుకున్నారా అమ్మా?"

లేదన్నాను. అరవై దాటాక మొదటిసారి వేసుకునేవాళ్ళలో తీవ్రమైన దుష్ఫలితాలు అరుదే అయినా కుర్రవాళ్ళకంటే ఎక్కువని చెప్పింది. గుడ్డు పడదా, థైమస్ గ్రంథికి ఎప్పుడైనా జబ్బు చేసిందా, క్యాన్సర్ మందులు వాడారా అని ఒక్కొక్కటే అడిగింది. చివరికి "వెళ్ళక తప్పదా?" అంది. ఆ ప్రశ్న నాకు నచ్చింది. అక్కడ జబ్బు నిజంగానే ఉంది, వస్తే దాన్ని తగ్గించే ప్రత్యేకమైన మందు లేదు, కాబట్టి వెళ్ళేట్టయితే వేసుకోవడమే మేలు, వెళ్ళకుండా ఉండగలిగితే అసలు ఈ తూకమే అక్కర్లేదు అంది. "పురుడు, డాక్టరమ్మా" అన్నాను. నవ్వి సంతకం పెట్టింది.

తర్వాత మా ఆయన వంతు. చీటీలో మెథోట్రెక్సేట్ అన్న చోట వేలు ఆగింది. "మీకు వెయ్యను సార్." ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా, రోగనిరోధక శక్తిని అణిచే మందు వాడేవాళ్ళకి పనికిరాదు. మా ఆయన ఊరుకోరుగా, "మినహాయింపు ఉత్తరం ఏదో ఇస్తారట కదమ్మా" అన్నారు. "ఇస్తాను. విమానాశ్రయంలో చూపిస్తే ఒప్పుకోవచ్చు. దోమకి ఎలా చూపిస్తారు?" అంది. మా ఆయన ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు అలిగారు. నాకు మాత్రం ఆ డాక్టరమ్మ మీద గౌరవం అప్పుడే కలిగింది. సూది వెయ్యడం నేర్పిస్తే ఎవరికైనా వస్తుంది. వరసలో ఇంకా జనం ఉండగా ఒక చీటీని ఆసాంతం చదివి, వెయ్యను అని చెప్పడం అందరికీ రాదు.

నర్సు వయల్ మీద తెరిచిన టైము రాసింది, చూశాను. టీకా వేడికి పాడైందో లేదో రంగుతో చెప్పే వయల్ మానిటర్ చూసింది, అదీ చూశాను. సూది తట్టు టీకాలాగే చర్మం కిందికి, అర మిల్లీలీటరు. అరగంట కూచోమన్నారు. కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, బ్యాచ్ నంబరు, ముద్ర సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. నాలుగో రోజు ఒళ్ళునొప్పులు, కాస్త వెచ్చగా ఉంది. ఒక పూటలో పోయింది.

మిగతా టీకాల సంగతి మా వీధి ఫిజీషియన్ తేల్చేశారు. "ఏజెన్సీలో అన్నేళ్ళు వాగునీళ్ళు తాగినావిడకి హెపటైటిస్ ఎ టీకా ఎందుకు, ముందు యాంటీబాడీ పరీక్ష చేయించండి" అన్నారు. చేయిస్తే రక్షణ ఎప్పుడో వచ్చేసి ఉంది. మన దేశంలో పెద్దవాళ్ళు చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా వచ్చి పోయి ఉంటుంది. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒకటి, ధనుర్వాతం బూస్టరు ఒకటి వేయించుకున్నాను. ఆ టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళదే. దీనికి వేరే రివ్యూ అక్కర్లేదు, చెయ్యి కూడా నొప్పి పుట్టలేదు.

ఇక అసలు గొడవ మలేరియా. పక్క ఫ్లాటావిడ "టీకా వచ్చిందిగా అక్కా" అంది. వచ్చింది. పుణెలో తయారయ్యే ఆర్21 టీకాని 2025 ఏప్రిల్ నుంచి ఉగాండాలో కూడా వేస్తున్నారు, కానీ అది అక్కడి పసిపిల్లలకి. మనలాంటి ప్రయాణికులకి టీకా లేదు, మాత్రలే గతి. నేనేమో, పాడేరులో నాకు మూడుసార్లు చలిజ్వరం వచ్చింది, ఒకసారి పీఎఫ్ (ఫాల్సిపారం, ప్రాణం మీదికి తెచ్చే రకం) కూడా, నన్నేం చేస్తుందిలే అన్న ధీమాలో ఉన్నాను. ఫిజీషియన్ ఆ గాలి తీసేశారు. దోమలు కుడుతూ ఉన్నన్నాళ్ళే ఆ కాస్త రక్షణ, ఏజెన్సీ దిగి ఇన్నేళ్ళయ్యాక నేనూ కొత్తదాన్నే. పాత మలేరియా మాత్ర క్లోరోక్విన్ సంగతి ఆయన చెప్పనక్కర్లేదు. మూడు రోజులకి నాలుగు, నాలుగు, రెండు అంటూ ఎన్ని వేలమంది చేతుల్లో పోశానో. ఆఫ్రికా పీఎఫ్‌కి అది ఎప్పుడో లొంగడం మానేసింది.

మూడు దారులు చెప్పారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ ఒకటి, వచ్చాక ఏడు రోజులు వేసుకుంటే చాలు, ఒంటికీ బాగానే పడుతుంది. కానీ ఖరీదు, పైగా నేను తిరిగిన మూడు మెడికల్ షాపుల్లోనూ దొరకలేదు. మెఫ్లోక్విన్ వారానికొకటే, అయితే కొందరికి పీడకలలు, ఆందోళన. అసలే నిద్రపట్టని మనిషిని, వద్దన్నాను. మూడోది డాక్సీసైక్లిన్ వంద మిల్లీగ్రాములు. బయల్దేరే ముందు రెండు రోజులు, అక్కడున్న అరవై రోజులు, వచ్చాక ఇరవై ఎనిమిది రోజులు. తొంభై మాత్రలు, తొమ్మిది స్ట్రిప్పులు.

తొంభై రోజులు వాడినదాన్ని కాబట్టి ఈ డాక్సీసైక్లిన్ గురించి ధైర్యంగా చెప్పగలను. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దీనికి మర్యాదలు ఎక్కువ. పెద్ద గ్లాసు నీళ్ళతో మింగాలి, మింగాక అరగంట నడుం వాల్చకూడదు. ఒక రాత్రి రెండు గుటకలతో మింగి పడుకున్నాను. మాత్ర గొంతు దిగువన ఎక్కడో అంటుకుంది కాబోలు, మూడు రోజులు మెతుకు మింగితే గుండెల్లో మంట. రాత్రి మానేసి మధ్యాహ్నం అన్నం తర్వాతకి మార్చుకున్నాను. కాల్షియం మాత్ర, ఐరన్, గ్యాస్ మందు దీనితో కలిపి వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. నా కాల్షియం రాత్రికి జరిగింది. పెరుగన్నం కూడా కాస్త ఎడంగా తినమన్నారు, అది మాత్రం కష్టమైంది. ఈ మందు మీద ఉంటే ఎండ పడదు, ఆ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. అల్లుడు ఒక ఆదివారం మసాకా రోడ్డులో కయాబ్వే దగ్గర భూమధ్యరేఖ గుర్తు చూపించడానికి తీసుకెళ్ళాడు. ఫోటోలకి గంట నిలబడ్డాం. సాయంత్రానికి ముంజేతులు సెగకి కాల్చినట్టు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత పొడుగు చేతుల జాకెట్లే. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఈ మందు ఇవ్వరని వేరే చెప్పనక్కర్లేదు.

మరి అమ్మాయి సంగతి? దాని చెకప్ కార్డు చూసి నాకు ముచ్చటేసింది. నాలుగో నెల దాటినప్పటి నుంచి చెకప్‌లలో, నెలకి తగ్గని ఎడంతో, మలేరియా రాకుండా ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ డోసులు ఎదురుగా నిలబెట్టి మింగించి టిక్కు పెట్టారు. మేము ఐరన్ మాత్రలకి పడిన పాట్లు గుర్తొచ్చాయి. అక్కడ మలేరియాని "ఒముసుజ్జా" అని జలుబు పేరు చెప్పినంత తేలిగ్గా చెబుతారు. పనికొచ్చే పిల్ల ఒకరోజు రాలేదు, మూడో రోజు వచ్చి రక్తపరీక్ష చేయించుకుని మాత్రలు వాడానంది. వాళ్ళ తేలిక చూసి మనం తేలిగ్గా తీసుకుంటే ప్రమాదం.

మాత్ర ఒక్కటే చాలదు. మల్కాజిగిరి నుంచి నేను మోసుకెళ్ళిన తెల్ల దోమతెర మామూలుది. అల్లుడు కట్టించింది మందు పట్టించినది, దోమ వాలితే చచ్చేది. ఏజెన్సీలో ఊరి తెరలన్నీ టబ్బుల్లో ముంచి నీడన ఆరబెట్టిన చేతులు నావి, అయినా మందు లేని తెర పట్టుకెళ్ళాను. నవ్వుకోండి. చీకటి పడే వేళకి కిటికీలు మూసి, కాళ్ళకీ చేతులకీ క్రీము రాసుకునేవాళ్ళం. మలేరియాని మోసే అనాఫిలిస్ దోమ కుట్టేది సందె నుంచి తెల్లవారే దాకానే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆ భవనం ఉంది. సర్వీసులో ఉండగా ఏటా దోమల దినం జరిపాను గానీ ఇంతవరకు వెళ్ళి చూడలేదు.

మనవరాలు పుట్టింది, మూడు కిలోలు. వెళ్ళేటప్పుడు అక్కడి ఎంటెబ్బే విమానాశ్రయంలో, వచ్చేటప్పుడు శంషాబాద్‌లో కార్డు చూశారు. వచ్చిన పంతొమ్మిదో రోజున జ్వరం తగిలింది. తిరిగొచ్చిన వారం నుంచి ఏడాది దాకా ఏ జ్వరమైనా ముందు మలేరియా పరీక్షే అని ఫిజీషియన్ అన్నది గుర్తుంది. పొద్దున్నే ల్యాబ్‌కి పోయి, ఉగాండా నుంచి వచ్చానని నోటితో చెప్పి, రక్తపూతా ఆర్‌డీటీ (కిట్‌తో చేసే తక్షణ పరీక్ష) రెండూ చేయమన్నాను. "స్లైడ్ కూడా ఎందుకు మేడమ్?" అన్నాడు కుర్రాడు. పూత పల్చగా తియ్యలేదని ఇంకోటి తీయించాను. రెండూ నెగెటివ్. ఉత్త జలుబు జ్వరం.

ఐపీఎంకి ఐదుకి ఐదు. డాక్సీసైక్లిన్‌కి మూడున్నర, గుండెమంటకి ఒకటి, ఎండకి అర తీసేశాను. చేపల తొట్టె క్లినిక్‌కి చేపల కోసం ఒకటి. పసుపు కార్డు పాస్‌పోర్టు కవరులోనే దాచాను. 2016 నుంచి దానికి గడువు లేదు, జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేని మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా పేరు మీద ఆ ఉత్తరమైనా తీసుకోవాల్సింది" అని ఇప్పటికీ అంటుంటారు.