హోటల్ వాడు ముంచాడు, క్లారా పీటర్స్ తేల్చింది

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, స్టేషన్ పక్కనే కదా అని ఏదో ఒక రూమ్ తీసేసుకోకండి. రాత్రికి 168 యూరోలు అని బుక్ చేస్తే కౌంటర్‌లో టూరిస్ట్ ట్యాక్స్ అంటూ ఇంకో 21 లాగారు. 12.5 శాతం అక్కడ నిజంగానే ఉంది, కాదనను, కానీ బుకింగ్‌లోనే కలిపి చూపించడానికి ఏం రోగం? లిఫ్ట్ ఉంది అని రాశారు, తీరా చూస్తే అది మొదటి అంతస్తు నుంచి మొదలు! అక్కడిదాకా నిచ్చెన లాంటి మెట్లు, మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని కూలబడ్డారు, రిసెప్షన్ కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా పాత బిల్డింగ్ అండీ అన్నాడు. సూట్‌కేసులన్నీ మావారే మోశారు, ఆ కోపం నామీద. ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచితే బ్యాగుకి 4 యూరోలు.

కాలువలు, బోటు అన్నీ బాగున్నాయి.

హేగ్ మాత్రం నా పట్టుదల, క్లారా పీటర్స్ అని నాలుగొందల ఏళ్ల కిందటి ఆడ పెయింటర్ వేసిన బొమ్మ చూడాలని. ట్రైన్‌లో 50 నిమిషాలు, దిగాక మారిట్స్‌హౌస్ మ్యూజియంకి కాస్త నడక, "చీజ్ ముక్కల బొమ్మ కోసం ఇంత దూరమా" అని మావారు దారంతా సణుగుతూనే ఉన్నారు. జనమంతా వెర్మీర్ వేసిన ముత్యం కమ్మ అమ్మాయి దగ్గరే. క్లారా పీటర్స్ దగ్గర మేమే.

1615 ప్రాంతంలో వేసిన బొమ్మ, అర మీటరు వెడల్పు కూడా ఉండదు. చీజ్ దిమ్మలు, వాటిమీద చైనా పింగాణీ ప్లేట్‌లో వెన్న, పక్కన బాదంపప్పులు, అంజీరాలు. అత్తగారు ఆ వెన్న వైపు చూసి "ఇప్పుడే తీసినట్టుందే, ఇంకా కరగలేదు" అన్నారు! వెండి చాకు అంచున చెక్కినట్టు ఆవిడ పేరు ఉంది, జగ్గు మూతలో గోరంత మొహం, అదీ ఆవిడదే. ఆ రోజుల్లో ఆడవాళ్లకి మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని మనిషి ఒళ్లు గీయడం నేర్పేవాళ్లు కాదు, దాంతో పురాణాలూ చరిత్రా బొమ్మలు దాదాపు మగవాళ్లవే అయిపోయాయి, ఈవిడేమో బల్లమీది గిన్నెల్లోనే తన పేరూ మొహమూ దూర్చేసింది. మాడ్రిడ్ ప్రాడోలో ఈవిడవి నాలుగున్నాయి. 1819లో తెరిచిన ఆ మ్యూజియం ఒక ఆడ పెయింటర్ కోసమే ఎగ్జిబిషన్ పెట్టడం మొదటిసారి 2016లో, అదీ ఈవిడకే. మరీ ఇంత లేటా అనిపించింది నాకైతే.

రాచెల్ రౌష్ 1700లో వేసిన పూల బొమ్మ కూడా ఇక్కడే ఉంది. పదిమంది పిల్లల తల్లి, ఎనభై దాటాక కూడా బొమ్మలు వేసింది అని చెప్తే అత్తగారు "మరి వంటెవరు చేసేవారో" అన్నారు, మావారు ఆ రోజు నవ్వింది అప్పుడే.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ తెరవరు, చూసుకోండి. 19 ఏళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవచ్చు, తీసి ఆ మూత దగ్గర జూమ్ చేయండి, ఉత్తి కళ్లకి ఆ మొహం అంత తొందరగా దొరకదు.